పూజలో పెట్టిన తుపాకి

ఇంట్లో తుపాకి ఉందా? ఉంటే దాని తాళం ఎవరి దగ్గరుంటుంది? నా ఉద్యోగంలో రోజూ అడిగే ప్రశ్నలివి. అడిలైడ్‌కి ఉత్తరాన ఒక క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. నిద్ర పట్టడం లేదనీ, తిండి సయించడం లేదనీ, దేనిమీదా మనసు నిలవడం లేదనీ వచ్చేవాళ్లను డాక్టరు చూసేలోపు కూర్చోబెట్టి మాట్లాడటం నా పని. సిగరెట్లు తాగుతారా, మందు ఎంత తీసుకుంటారు, ఇంట్లో తోడు ఎవరున్నారు అని అడిగి, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగి, అదే గొంతుతో తుపాకి సంగతి కూడా అడుగుతాను.

ఈ పనిలో చేరిన కొత్తలో నాకు శిక్షణ ఇచ్చినావిడ ఒక సంగతి మళ్లీ మళ్లీ చెప్పేది. సీటు బెల్టు, సిగరెట్టు, తుపాకి, మూడూ మనకి ఒకే అరలో ఉండే విషయాలు అనేది. ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అన్నది పోలీసుల గొడవ. మనిషికీ తుపాకికీ మధ్య దూరం పెంచడం మాత్రం ఆరోగ్యం చూసేవాళ్ల పని. చెడ్డ ఘడియ అందరికీ వస్తుంది, వచ్చినట్టే పోతుంది, అది పోయేదాకా చేతికి అందకపోతే చాలు అనేది. నాకు ఈ మాట బాగా నచ్చింది. మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీతోపాటు ఈ మాట కూడా వడ్డించేదాన్ని.

ఇండియా నుంచి ఫోన్ చేసినవాళ్లు, మీకు అమెరికాలోలాగా ఆ తుపాకుల బెడద లేదుగా అంటారు. లేదులెండి, మాది ప్రశాంతమైన దేశం అని మేమూ గొప్పగా చెబుతాం. అబద్ధమేమీ కాదు. కాకపోతే నా ఎదుట కూర్చునే మనుషులు పేపర్లోకి ఎక్కేవాళ్లు కాదు. గొర్రెలు మేపుకునేవాళ్లు, గోధుమ పండించేవాళ్లు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, నేలచూపులు చూస్తూ కూర్చుంటారు. వాళ్లకు భయం ఇంకొకరి తుపాకి వల్ల కాదు, వాళ్ల షెడ్డులో ఉన్నదాని వల్లే. నేను అడిగినందుకు వాళ్లలో ఒక్కరూ నన్ను కసురుకోలేదు. అడిగాక కాస్త ఊపిరి పీల్చుకుని, తాళం సంగతి చెబుతారు.

ఈ ప్రశ్న తెలుగులో అడిగే అవసరం నాకెప్పుడూ రాలేదు. మావాళ్లు మా క్లినిక్‌కి జ్వరాలకీ షుగరుకీ వస్తారు. ఇంకొకందుకు రారు.

మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది, అడిలైడ్ శివార్లలో మేముండే మాసన్ లేక్స్ నుంచి కారులో రెండు గంటల దూరంలో, గోధుమలు పండే ఊరు. ప్రకాశం జిల్లాలో వ్యవసాయం చదువుకుని, ఇక్కడికొచ్చి కొన్నేళ్లు రైతులకు సలహాలు చెప్పే ఉద్యోగం చేసి, చివరికి తనే భూమి కొనుక్కుని రైతయ్యారు. మా బంధువర్గంలో సాఫ్ట్‌వేరు కాని మగవాడు ఈ దేశంలో ఆయనొక్కరే. మా ఆయనకి తండ్రి తర్వాత తండ్రి. నాకేమో, ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా, ఆయన గదిలోకి వస్తే కూర్చున్న చోటినుంచి లేచే అలవాటు పోలేదు. మా మధ్య మాటలు కూడా అన్నం తిన్నారా, పిల్లల చదువులెలా ఉన్నాయి అన్నంత వరకే.

ఆయనకి ఒక రైఫిల్ ఉంది. గొర్రెలు ఈనే కాలంలో నక్కలు పిల్లల్ని ఎత్తుకుపోతాయి, కుందేళ్లు పైరు కొట్టేస్తాయి, అందుకని. లైసెన్సు ఉంది. షెడ్డులో గోడకి బిగించిన ఇనుప బీరువాలో రైఫిలు, వేరే పెట్టెలో తాళం వేసి తూటాలు. గేటు వేశామా లేదా అని ఇంకొకరు చూసొచ్చినా, మళ్లీ తను వెళ్లి చూసుకునే రకం ఆయన. నియమాల విషయంలో అలాంటి మనిషి, ఏడాదికొకసారి మాత్రం నియమం తప్పేవారు. దసరాకి.

ఇక్కడ మన పండుగలు పంచాంగం ప్రకారం కాక ఆఫీసు సెలవుల ప్రకారం వస్తాయి. అక్టోబరు మొదట్లో సోమవారం కూడా కలిసొచ్చే సెలవులుంటాయి కాబట్టి మా దసరా అప్పుడే. మాసన్ లేక్స్ నుంచి మేమూ, మరో రెండు కుటుంబాలూ కార్లేసుకుని బావగారింటికి పోతాం. శనివారం ఆయుధ పూజ, సోమవారం పొద్దున ఉద్వాసన, భోజనాలు చేసి తిరుగు ప్రయాణం. మా తోడికోడల్ని, అంటే బావగారి భార్యని, నేను అక్క అంటాను. పూజల దగ్గర అక్కతో ఆటలు సాగవు. మా మాసన్ లేక్స్‌లో అయితే ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టి, హారతి చల్లారకముందే ఆఫీసు ఫోనొచ్చిందని అదే ల్యాప్‌టాప్ తెరిచేవాళ్లున్నారు. అక్క దగ్గర ఆ పప్పులుడకవు. పూజలో పెట్టిన వస్తువుని ఉద్వాసన అయ్యేదాకా కదపకూడదు, వాడకూడదు. ట్రాక్టరయినా అంతే, కత్తిపీటయినా అంతే. రెండు రోజులపాటు కూరగాయలు కొత్త చాకుతో కోసుకోవాలి.

రైఫిల్ని పూజలో పెట్టాలన్న ఆలోచన మా ఆయన స్నేహితుడిది. మా ఇంటి వెనక వీధిలోనే ఉంటాడు, మా ఆయన ఆఫీసే. నలుగురున్న చోట నవ్వులన్నీ ఆయనవే. ఒక దసరాకి, ఆయుధ పూజలో ఒక్క ఆయుధమూ లేదేంటన్నయ్యా, చాకుల్నీ స్పానర్లనీ పెట్టుకుని ఇది కూడా ఒక పూజేనా అని ఏడిపించాడు. బావగారు నవ్వి, షెడ్డుకెళ్లి, తూటాలు లేవని ఒకటికి రెండుసార్లు చూసి, రైఫిలు తెచ్చి హాల్లో కలశం పక్కన పీట మీద పెట్టారు. అక్క పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. అప్పట్నుంచీ ఏటా అదే. అందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు దిగేవాళ్లు. పిల్లలు పరుగెత్తుతుంటే, కాళ్లు తగలనివ్వకండ్రా, కళ్లు పోతాయి అని అక్క అరిచేది. నేనూ అరిచేదాన్ని. తుపాకికి కాలు తగులుతుందని భయపడ్డాం కానీ, చెయ్యి తగులుతుందని మాకెవరికీ తోచలేదు. రోజూ తాళాల గురించి పాఠాలు చెప్పే నాకు కూడా. రెండు రోజులు ఆ రైఫిలు హాల్లో ఉంటే, అది పూజలో ఉందనుకున్నాను తప్ప బయట ఉందనుకోలేదు.

కిందటేడు వాన లేదు. ఆ ముందేడూ అంతంతమాత్రమే. మేం పోయేటప్పటికి దారికి రెండు వైపులా గోధుమ చీలమండ ఎత్తు కూడా లేదు. బావగారు గేటు దగ్గరికి ఎదురొచ్చారు. చొక్కా ఆయనది కానట్టు వేలాడుతోంది. చిక్కిపోయారేంటి బావగారూ అన్నాను. ఎండలమ్మా అన్నారు. మేత లేక నీరసించి, పడుకున్న చోటినుంచి లేవలేని గొర్రెల్ని ఆ చలికాలమంతా, అంటే ఇక్కడి లెక్కలో జూన్ నుంచి ఆగస్టు దాకా, ఆయనే తన చేతులతో కాల్చాల్సొచ్చిందని మా ఆయన నాకు కారులో చెప్పాడు. తనే పురుడు పోసి, సీసాతో పాలు తాపి పెంచిన గొర్రెలు. విని, అయ్యో అన్నాను. అన్నాక, వెనక సీట్లో పులిహోర గిన్నె ఒరిగిపోతోందేమోనని చూసుకున్నాను.

శనివారం సాయంత్రం అందరం హాల్లో చేరాం. కలశం పెట్టారు, చాకులూ స్పానర్లూ సర్దారు. పీట ఖాళీగా ఉంది. రైఫిలేదని అక్క అడిగింది.

"ఈ ఏడు అది వద్దులే," అన్నారు బావగారు.

"ఏం, ఎందుకొద్దు?" అంది అక్క. "ఏటా పెట్టేది మానకూడదు. అసలే ఏడాది బాలేదు."

"ఆయుధం లేకుండా ఆయుధ పూజేంది అన్నయ్యా," అన్నాడు స్నేహితుడు. "మా వాడు ఈసారి దాంతో రీల్ చేద్దామని రెండు గంటలు కారులో కూర్చుని వచ్చాడు."

అందరం నవ్వాం. బావగారు కాసేపు అలాగే నిలబడ్డారు. ఆయన చూపు అందరి ముఖాల మీదా తిరిగింది, నా ముఖం మీద కూడా ఆగింది. తెచ్చెయ్యండి బావగారూ, పిల్లలు సరదాపడుతున్నారు అన్నాను నేను. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే చెంపలు వేడెక్కుతున్నాయి. ఆయన షెడ్డుకెళ్లి తెచ్చారు. పీట మీద పెట్టి, చెయ్యి తియ్యటానికి కొంచెం ఆలస్యం చేశారు. అది భక్తి అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన ఎండకి ఎర్రబడ్డ ముఖంతో, మంచి హుషారుగా వచ్చాడు. పొద్దున్నుంచీ అన్నదమ్ములిద్దరూ పొలమంతా తిరిగారట.

"అన్నయ్య నన్ను రైతుని చేసేట్టున్నాడు," అన్నాడు. "నీళ్ల మోటారు ఎక్కడ ఆపాలి, ఏ గేటుకి ఏ తాళం, కుక్కకి ఎంత పెట్టాలి, అన్నీ చూపించాడు. ఆ మంచి జేబు చాకు ఉంది చూడు, అదీ నాకే ఇచ్చేశాడు. ఎప్పుడడిగినా ఇచ్చేవాడు కాదు."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, తాళాలు అప్పగించడం. క్లినిక్‌లో ఎవరి భార్యో వచ్చి ఈ మాటే చెబితే, ఆవిణ్ని ఇంటికి పోనివ్వను, కుర్చీ వేసి కూర్చోబెడతాను. తల తిప్పి హాల్లోకి చూశాను. పీట మీద, బొట్లు పెట్టించుకుని, రైఫిలు అక్కడే ఉంది. మేం మర్నాడు మధ్యాహ్నం వెళ్లిపోతాం. తర్వాత ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

మా ఆయన్ని వసారాలోకి పిలిచి చెప్పాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మండిపడ్డాడు.

"నీకు అందరూ పేషెంట్లలాగానే కనిపిస్తారు. మా అన్నయ్య పిరికివాడనుకుంటున్నావా? ఊళ్లో సగంమందిని నిలబెట్టిన మనిషి."

"పిరికివాడని ఎవరన్నారు? జబ్బులో ఉన్నారంటున్నాను."

"మెల్లగా మాట్లాడు. లోపల జనం ఉన్నారు."

మెల్లగా మాట్లాడు అనేది మా జాతి మొత్తానికీ ఇష్టమైన మందు. నాకు ముక్కు మీద కోపం. మెల్లగా మాట్లాడలేదు. వంటింట్లోకి పోయి, అక్కా, ఆ రైఫిల్ని ఇప్పుడే బీరువాలో పెట్టించు అన్నాను. ఉద్వాసన కాలేదు కదా అంది. అయితే ఇప్పుడే ఉద్వాసన చెప్పు అన్నాను. విజయదశమి రేపైతే ఇవాళ అమ్మవారిని గెంటేస్తామా, నీకేమైంది అంది. ఎందుకో చెప్పాలి. చెబితే అక్క పసుపుకుంకాల మీద చెయ్యి వేసినట్టవుతుంది. కూర తరిగే ఇద్దరు ఆడవాళ్లు చాకులు ఆపి మమ్మల్నే చూస్తున్నారు. చెప్పలేకపోయాను. అది సిగ్గు. రోజూ తెలియని మగవాళ్లను, నీకు చచ్చిపోవాలని ఉందా అని అడిగేదాన్ని, నా ఇంటి మనిషి విషయంలో నోరెత్తలేక, పోపు మాడిపోతోందక్కా అని పొయ్యి దగ్గరికి నడిచాను.

పొయ్యి కట్టేసి వెనక తలుపులోంచి బయటికి పోయాను. బావగారు గొర్రెల తొట్టి దగ్గర తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఎండుగడ్డి పరిచి ఉంది కానీ ఆయన చేతులు ఊరికే ఉన్నాయి. టీకి అక్క పిలుస్తోందన్నాను. అక్క పిలవలేదు. వస్తా పదమ్మా అన్నారు. నేను కదల్లేదు.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. బావగారితో ఆ మాట అనడానికి నాకు తెలిసిన తెలుగులో దారి లేదు. చివరికి క్లినిక్‌లో వాడే ఇంగ్లీషు వాక్యాన్ని, క్లినిక్‌లో వాడే గొంతుతోనే అప్పజెప్పేశాను. బతుకు చాలించాలన్న ఆలోచనలేమైనా వస్తున్నాయా అని. నా చెవులకే ఎవరో పరాయి మనిషి మాట్లాడినట్టనిపించింది. తల వంచుకుని, చెప్పులకంటిన మట్టి చూస్తూ నిలబడ్డాను.

ఒక గొర్రె వచ్చి తొట్టిలో మూతి పెట్టింది.

"అందరినీ ఇట్టాగే అడుగుతావా అమ్మా?"

"అడుగుతానండి."

"చెప్తారా?"

"చెప్తారండి. అడిగితే చాలామంది చెప్తారు."

"ఎవరూ అడక్కుండానే చెప్పా గదమ్మా," అన్నారు. గొంతులో కోపం లేదు. "నిన్న అందరి ముందూ చెప్పా. అది వద్దులే అన్నా. మీరెవ్వరూ వినలా."

నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. ఆయనే మళ్లీ చెప్పారు.

"బీరువాలో ఉంటే షెడ్డు దాకా నడవాల. తాళం తియ్యాల. అంతలోకి కుక్క అడ్డం వస్తది, గొర్రె అరుస్తది, మనసు మళ్లుద్ది. మూడు నెలల నుంచీ అట్టా మళ్లించుకుంటానే ఉన్నా. ఇప్పుడు హాల్లో పెట్టించారు. పొద్దుట్నుంచీ మంచినీళ్లకి పోవాలన్నా దాని ముందు నుంచే పోవాల. తీసి లోపల పెడదామంటే మీ అక్క ఉద్వాసన కాలేదంటది."

శిక్షణలో నాకు నేర్పిన సంగతి అంతా ఇదే. దూరం. దాన్ని ఆయన ఒక్కరే, ఎవరికీ చెప్పకుండా, మూడు నెలలుగా కాపాడుకొస్తున్నారు. మేం నవ్వుతూ చెరిపేశాం.

పోలీసులకి ఫోన్ చేస్తే కొన్నాళ్లు వాళ్ల దగ్గర పెట్టుకుంటారండి అన్నాను. ఇవాళేనా, ఇంటినిండా జనం ఉన్నారు గదా అన్నారు. ఇవాళేనండి అన్నాను. ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు. "అయితే నువ్వే చెయ్యమ్మా. నాకు నోరు రాదు."

ఇద్దరం లోపలికి వచ్చాం. ఆయన చేతులు కడుక్కుని, తడి చేతులతోనే కలశం ముందు కూర్చున్నారు. కలశాన్ని కొంచెం పక్కకి జరిపి అమ్మవారిని వెళ్లిరమ్మని చెప్పడమే ఉద్వాసన. ఈ ఏటికి ఒక రోజు ముందే బయల్దేరు తల్లీ అని, ఆయన కలశాన్ని రెండు చేతులతో జరిపారు. వంటింటి గుమ్మంలో అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏంది ఈ అరిష్టం, ఏంది ఇది అంటోంది. మా ఆయన వచ్చి అన్నగారి పక్కన నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. ఇద్దరూ కలిసి రైఫిల్ని షెడ్డుకి తీసుకెళ్లారు.

నేను ఫోన్ చేశాక ఊరి స్టేషన్ నుంచి ఆఫీసరు త్వరగానే వచ్చాడు. బావగారికి తెలిసినవాడే. కంకర మీద పోలీసు కారు చప్పుడుకి అందరూ వసారాలోకి వచ్చారు, చేతుల్లో పేపరు ప్లేట్లతో. పట్టుచీరలు, పిల్లల పరికిణీలు, మధ్యలో పోలీసు. ఆఫీసరు రైఫిల్ని అందుకుని, ఈ ఎర్ర మచ్చలేంటని అడిగాడు. పండుగ బొట్లని చెప్పాను. తల ఊపి, తుడవకుండా అలాగే గుడ్డలో చుట్టాడు. బావగారి భుజం మీద చెయ్యి వేసి, మంచి పని చేశావు, వాన పడ్డాక మాట్లాడుకుందాం అన్నాడు. అంతే. ఆయనకి అది రోజువారీ పనిలాగే ఉంది.

మాకు మాత్రం కాదు. కారు వెళ్లాక ఎవరి ప్లేటులో పులిహోర వాళ్లకి చేదైపోయింది. ఒకావిడ, ఇంటి గుట్టు పోలీసుల దాకా పోవాలా అని నాకు వినపడేట్టే అంది. స్నేహితుడు మొదటిసారి జోకు లేకుండా నిలబడ్డాడు. నాకూ సిగ్గేసింది. ఒక మనిషి బతికి ఉన్నాడన్న సంతోషం కంటే ముందు, ఆ పేపరు ప్లేట్ల ముందు నిలబడ్డ సిగ్గే వచ్చింది నాకు. ఏ సిగ్గు మనిషిని చంపుతుందని క్లినిక్‌లో చెబుతానో, ఆ సిగ్గు నాలో దండిగా ఉందని ఆ రోజు తెలిసింది.

తర్వాతి సంగతి తొందరగా చెప్పేస్తాను. మా ఆయన సెలవు పెట్టి అన్నగారి దగ్గరే ఉండిపోయి, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. మా క్లినిక్ కాదు, అక్కడి పక్క ఊళ్లోది. మాత్రలు మొదలయ్యాయి, మాటలూ మొదలయ్యాయి, వారం వారం ఒకావిడ దగ్గర కూర్చుని మాట్లాడి వచ్చేవారు. వాన మాత్రం తన తీరిక చూసుకుని ఈ ఏడు చలికాలంలో వచ్చింది. అక్క నాతో మాట్లాడటం మానేసింది. ఫోన్ చేస్తే బావగారికే ఇచ్చేది. పండుగపూట తన ఇంటిముందుకి పోలీసుని రప్పించిన మనిషిని నేను. ఆవిడ కోపంలో తప్పేమీ కనపడలేదు నాకు. భర్త అన్నం వదిలేస్తుంటే చూస్తూ, ఎవరికి చెప్పుకోవాలో తెలియక పూజలు పెంచుకుంటూ పోయానని ఆవిడ ఆ తర్వాత మా ఆయనతో అన్నదట.

ఈ ఏడు దసరాకి పిలుపు అక్క నుంచే వచ్చింది. రండి అని ఒక్క మాట అని పెట్టేసింది. వెళ్లాం. గోధుమ నడుము దాకా ఉంది. బావగారి చొక్కా ఆయనదే అనిపించింది. శనివారం సాయంత్రం చాకులూ స్పానర్లూ సర్దారు. పీట ఖాళీగా ఉంది. దాని వైపు ఎవరూ చూడటం లేదని అందరికీ తెలుస్తోంది.

బావగారు లోపలికెళ్లి ఏదో తెచ్చి పీట మీద పెట్టారు. మాత్రల పెట్టె. చిన్న అట్టపెట్టె, మీద ఆయన పేరు అచ్చేసిన చీటీతో. అక్క ఒక్క క్షణం ఆగి, వేలు కుంకుమలో అద్ది దానికీ బొట్టు పెట్టింది. పొద్దున్నే తీసి వేసుకోవాల, దీనికి మాత్రం ఉద్వాసన పట్టింపు లేదు అంది, ఎవరినీ చూడకుండా.

"అవేం మాత్రలండీ?" అని అడిగింది, పోయినేడు నాకు వినపడేట్టు మాట్లాడిన ఆవిడే.

"బీపీకండి," అన్నాను.

ఎవరూ నన్ను అడగలేదు. చెప్పమనలేదు. నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. పన్నెండు మంది ముందు ఆ ఇంటి పరువు కాపాడానని క్షణకాలం అనిపించింది కూడా. బావగారు నా వైపు చూశారు. కిందటేడు ఇదే హాల్లో, వద్దులే అన్నప్పుడు చూసిన చూపే.

"బీపీకి కాదమ్మా," అన్నారు ఆవిడతో, మామూలుగా. "పోయినేడు నాకు బతకబుద్ధి కాలా. అందుకని డాక్టరు రాశాడు. వేసుకుంటన్నా. ఇప్పుడు ఫరవాలా."

హారతి పళ్లెంలో కర్పూరం వెలిగించడం మర్చిపోయి అక్క అలాగే పట్టుకుని ఉంది. ఎవరో దగ్గారు. తర్వాత పిల్లలు ఆకలన్నారు, పూజ అయింది, భోజనాలయ్యాయి. నేను వంటింట్లో ఒకే గిన్నెని మళ్లీ మళ్లీ తోముతూ నిలబడ్డాను. ఆ ఇంట్లో ఆ మాట చెప్పడం ఎవరి పని, ఎవరు చెప్పారు.

సోమవారం మధ్యాహ్నం డిక్కీలో సామాను సర్దుతుంటే మా ఆయన స్నేహితుడు వచ్చాడు. చేతిలో అక్క ఇచ్చిన అరిసెల డబ్బా ఉంది. పిల్లలు కారులో కూర్చున్నారా అని అటూ ఇటూ చూశాడు. ఏదో జోకు వేస్తాడనుకుని ముందే నవ్వు ముఖం పెట్టాను.

"చెల్లెమ్మా, అన్నయ్య చూపించుకునే డాక్టరు అడిలైడ్ వాళ్లని కూడా చూస్తాడా?"

"ఎవరికన్నయ్యా?"

ఆయన డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"నాకే," అన్నాడు.

ఇన్నేళ్లూ ఈ మనిషి నవ్వులకి నేను నవ్వాను. మా వెనక వీధిలో ఉంటాడు. వారానికొకసారి మా ఇంట్లో కాఫీ తాగుతాడు, ఆ కాఫీతోపాటు నా పాఠాలూ వింటాడు. ఒక్కసారి కూడా ఏం అన్నయ్యా ఎలా ఉన్నావు అని, జవాబు కోసం ఆగి అడిగింది లేదు.

డిక్కీ మూసి ఆయన పక్కకి వచ్చి నిలబడ్డాను. ఇంగ్లీషు వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది, దాన్ని మింగేశాను. మా ఆయన కారు హారన్ కొడుతున్నాడు. అన్నయ్యా, చచ్చిపోవాలనిపిస్తోందా అని, సిగ్గుపడుతూనే, తెలుగులో అడిగాను.